అక్క పురుడు, మత్తు డాక్టరు

“వెన్నులో సూది వేస్తే నొప్పి తెలియదన్నారు కదా. మరి తనకెందుకు వేయరు?” అతను మూడోసారి అడిగాడు.

మత్తు డాక్టరు రిపోర్టు మీంచి తలెత్తింది. ఆమెకూ ఇంచుమించు అతని వయసే ఉంటుంది. “నెత్తురు గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు బాగా తగ్గాయండి. సూది గుచ్చిన చోట నెత్తురు చేరి నరాల మీద ఒత్తిడి పడితే కాళ్ళు చచ్చుబడొచ్చు. అరుదే, కానీ నేనా సాహసం చేయను.”

పక్కన అక్క పొట్ట మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. వెన్నులో వేసే ఆ ఎపిడ్యూరల్ సూది ఉంది కదా అన్న ధైర్యంతోనే ఇన్ని నెలలూ నెట్టుకొచ్చింది. బావది ఓడ మీద ఉద్యోగం. కాన్పుకి అందుకోవడం అనుమానమే. అందుకని లిఫ్టులు బాగుచేసే తమ్ముడు తోడు వచ్చాడు. ఏ యంత్రాన్నయినా విప్పి చూస్తే గాని నిద్రపట్టని మనిషి.

“అయితే భరించాల్సిందేనా?”

“ఎవరన్నారు? పీల్చుకునే గ్యాస్ ఉంది. అది చాలకపోతే సెలైన్ గొట్టంలోంచి మందు. దాని బటన్ ఆవిడ చేతిలోనే ఉంటుంది, నొప్పి మొదలవుతుంటే నొక్కుకోవాలి. మొదట్లో వేడినీళ్ళు, నడుం మర్దనా కూడా పనిచేస్తాయి. నొప్పి పూర్తిగా పోదు. ఓర్చుకునేంతకి దిగుతుంది.”

“గ్యాస్ మాస్కు నేను పట్టుకోవచ్చా?”

“అస్సలు కూడదు. ఆవిడే పట్టుకోవాలి. మత్తు ఎక్కువైతే చెయ్యి దానంతటదే జారిపోతుంది, మామూలు గాలి అందుతుంది. మీరు పట్టుకుంటే ఆ కాపలా పోయినట్టే.”

అతని కళ్ళు మెరిశాయి. “భలే ఉందే. లిఫ్టు తాడు తెగితే బ్రేకు దానంతటదే పడినట్టు.”

ఆమె పెదవుల చివర నవ్వు మెదిలింది. అది చూశాక అతనికి ఇంకో పది ప్రశ్నలు పుట్టుకొచ్చాయి.

వాటిని పట్టుకుని మరుసటి వారం ఒంటరిగా వచ్చాడు. గ్యాస్ బిడ్డకి చేరుతుందా? చేరినా, పుట్టి ఊపిరి తీసుకోగానే పోతుంది. బటన్ ఊరికే నొక్కేస్తే? కాసేపు ఆగితే గాని మిషను మళ్ళీ మందు వదలదు, పైగా నర్సు పక్కనే ఉండి ఊపిరి గమనిస్తుంటుంది. అన్నిటికీ ఓపిగ్గా చెప్పింది గానీ, చివర్లో అతను “కాఫీ తాగుదామా?” అనేసరికి మొహం బిగించింది.

“కడుపుతో ఉన్న మనిషిని ఇంట్లో పెట్టుకుని కాఫీలేమిటండీ? వెళ్ళిరండి.”

అక్కని వదిలి తిరుగుతున్నందుకు తిట్టిందనుకుని అతను తల వంచుకుని వెళ్ళిపోయాడు.

నొప్పులు ఒక పొద్దున వాన జల్లుతో పాటే మొదలయ్యాయి. లేబర్ రూములో అక్క మాస్కు పట్టుకుంది.

“ముదిరేదాకా ఆగకండి. నొప్పి వస్తున్నట్టు అనిపించగానే పీల్చండి,” అంటోంది డాక్టరు. అతను అక్క నడుము మీద అరచేతులతో ఒత్తుతున్నాడు.

“ఒరేయ్, ఇంకాస్త కిందికి నొక్కరా,” అంది అక్క.

డాక్టరు వింతగా చూసింది. “మీ ఆయన్ని ఒరేయ్ అంటారా?”

అక్క మాస్కు పక్కకి తీసి పకపకా నవ్వింది. గ్యాస్ తలకెక్కింది. “మా ఆయనా? వీడా? నా తమ్ముడండీ. మిమ్మల్ని చూసొచ్చినప్పట్నుంచీ తిండి సరిగ్గా తినట్లేదు. నోరు తెరిస్తే మీ కబుర్లే. తిట్టారట కూడా. ఎందుకండీ, మంచివాడే.”

నర్సు కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది. అతని చేతులు కదలడం మానేశాయి. డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి.

తర్వాతి నొప్పి ఆ నవ్వులన్నీ మింగేసింది. “ఇక నా వల్ల కాదు,” అని అక్క ఏడ్చింది. డాక్టరు ఆమె నుదురు తుడిచి, సెలైన్ గొట్టానికి మందు తగిలించి, బటన్ చేతిలో పెట్టింది. కాసేపటికి అక్క బిగించిన పళ్ళు వదిలింది.

“నొప్పి ఉంది... కానీ దూరంగా ఉంది.”

మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. అందరూ భయపడ్డంత నెత్తురూ పోలేదు.

గది బయట డాక్టరు అతని దగ్గరికి వచ్చింది. “ఆ రోజు మీరే భర్త అనుకున్నాను. సారీ.”

“నేనే చెప్పాల్సింది. అక్క మత్తులో ఏదేదో వాగింది, పట్టించుకోకండి.”

“ఆ గ్యాస్ నోరు వదులు చేస్తుంది గానీ, లేనిది కల్పించదు. నిజమేనా?”

“నిజమే.”

“తిండి తినకపోవడం కూడానా?”

“అదొక్కటీ ఎక్కువ చెప్పింది. వేళకి తింటూనే ఉన్నాను.”

“అయితే సాయంత్రం నా డ్యూటీ అయ్యాక కలిసి తిందాం.”

గదిలోంచి అక్క పిలిచింది. మత్తు ఎప్పుడో దిగిపోయిన గొంతు. “ఒరేయ్, ఆవిణ్ణి కూడా లోపలికి తీసుకురారా. నా కూతురికి వాళ్ళ అత్తని చూపించాలి.”