ఏడో మంచం పిలుపు

పెనుకొండలోని ఆ చిన్న నర్సింగ్‌హోమ్‌లో మధ్యాహ్నం మూడింటికి రోగులంతా కునుకు తీస్తున్నారు. ఫినాయిల్ వాసన, ఫ్యాను కిరకిర తప్ప అలికిడి లేదు. కిటికీలు మూసిన చీకటి గదిలో రంగనాథ్ తన తప్పు తానే దిద్దుకుంటున్నాడు. అది తన తప్పేనని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆరు నెలల కిందట, 2007లో, మంచాల దగ్గరి బెల్లులు చూసుకునే పాత కంప్యూటర్ పాడైతే, హిందూపురం నుంచి వచ్చి అతనే దాన్ని కొత్త కంప్యూటర్ లోపల, అచ్చం పాతదానిలాగే నడిచే వర్చువల్ మెషీన్‌గా బతికించాడు. దాన్ని నడిపే ప్రోగ్రాం, హైపర్‌వైజర్, సొంతంగా రాశానని ఊరంతా గొప్పలు చెప్పుకున్నాడు. బెల్లు నొక్కగానే, చేస్తున్న పని ఆపి ఇటు చూడమని ప్రాసెసర్‌ని పిలిచే చిప్పు ఇంటరప్ట్ కంట్రోలర్. దాని పనిని కోడ్‌తో చేయించాడు. ఒక పిలుపు ముగియకముందే ఇంకోటి వస్తే దాన్ని దాచిపెట్టి తర్వాత అందించాలి. అతని కోడ్ దాన్ని పారేసింది.

పోయిన వారం మూడో మంచం పిలిస్తే నర్సు ప్రేమలత అటు వెళ్లింది. అప్పుడే ఏడో మంచం మీది యల్లక్క బెల్లు నొక్కింది. ధర్మవరంలో పట్టుకు రంగులద్దీ అద్దీ వేళ్లు ఎర్రబడిపోయిన మనిషి. ఎవరూ రాలేదు. ప్రాణం పోయింది. బెల్లు మోగలేదని ప్రేమలత ఎంత మొత్తుకున్నా నిద్రపోయావన్నారు. ఈరోజుతో ఆమె ఉద్యోగం ఆఖరు.

కోడ్ సరిచేసి, మెషీన్ మళ్లీ మొదలుపెట్టి, రెండు మంచాల బెల్లులు ఒకేసారి నొక్కించి చూశాడు. రెండూ మోగాయి. డాక్టర్ రుక్మిణమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏమప్పా, ముందు దీంట్లో ఏమన్నా లోపముండెనా?"

గది మూలన సంచి సర్దుకుంటున్న ప్రేమలత అతని మొహమే చూస్తోంది. రంగనాథ్‌కి తన పరువు గుర్తొచ్చింది.

"ఏం లేదు మేడం. ఊరికే చూసినా, అంతే."

సిగ్గులేని నాలుక. డాక్టరమ్మ వెళ్లిపోయింది.

బెల్లు మోగింది.

తెర మీద ఏడు... ఆ మంచం ఖాళీ. దాని తీగ పీకేసి నాలుగు రోజులైంది. మెషీన్ కొత్తగా మొదలైంది కాబట్టి పాత పిలుపులేవీ అందులో మిగిలి ఉండవు. అది అతనికి తెలుసు.

మళ్లీ మోగింది... మళ్లీ... ప్లగ్గు పీకేశాడు. తెర ఆరిపోయింది. బెల్లు ఆగలేదు... పదకొండు సార్లు.

"ఆ పొద్దు ఇన్నిసార్లు పిలిచినాదా సార్?" గుసగుసగా అడిగింది ప్రేమలత.

ఆమె సంచి తీసుకుని మెట్లు దిగింది.

డాక్టరమ్మ గది దాకా నడిచాడు. గుమ్మంలోంచే వెనక్కి తిరిగాడు. నడవ కిటికీలోంచి ప్రేమలత బస్సెక్కడం కనిపించింది. జేబులోంచి రుమాలు తీసి మొహం తుడుచుకోబోయాడు.

ఉతికిన రుమాలు మీద ఎర్రటి వేలిముద్రలు. లెక్కపెట్టాడు... పదకొండు. తడి ఇంకా ఆరలేదు.