నూట నలభై మూడో గీత

సిడ్నీ రేవులో ఓడ సామాను అమ్మే కొట్లు నాలుగున్నా, సముద్రంలోకి వదిలి కొలిచే లోతు తాడు కావాలంటే కెప్టెన్లు డోర్కస్ హాలీ కొట్టుకే వచ్చేవారు. ఆమె కట్టిన గుర్తు జారదు, ఆమె కొలత తప్పదు. ఆ ఉదయం కూడా గడప దగ్గర కూర్చుని, సీసం గుండు కట్టిన కొత్త తాడుకు గుడ్డపీలికలు కడుతూ విసుక్కుంటోంది.

"ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను, ఇలాంటి బేరం చూడలేదు. ఆరడుగులకో గుర్తు కడితే బార. లోకమంతా అదే. ఈ కెప్టెన్ మాడర్న్ మాత్రం ఐదడుగుల నాలుగంగుళాలకో గుర్తు కట్టమని చీటీ పంపాడు. నిన్న ముట్టింది, ఇవాళ సాయంత్రానికి కావాలట."

"ఎందుకని అడగలేదా, డోర్కసమ్మా?" అన్నాడు లోపలి గదిలోంచి ఆబెల్ ట్రెవీన్.

"అడిగాను. పడవకు సరిపడా పొట్టి కొలతట. కొనేవాడి ఇష్టం, నాకేం?"

ట్రెవీన్ ఆ కొట్టు వెనక గదిలో అద్దెకుండే పరిశోధకుడు. పోయిన సరుకు, మాయమైన మనిషి, మునిగిందని చెప్పి అమ్ముకున్న ఓడ, ఇలాంటివి వెతికిపెట్టడమే అతని పని. యాభై ఏళ్లవాడు, సన్నంగా, ఎప్పుడూ చలేస్తున్నట్టు కోటు బిగించుకుని ఉంటాడు. అతని వెంట తిరిగి డోర్కస్‌కు దక్కిందేమీ లేదు, వ్యాపారం రెండుసార్లు దెబ్బతింది కూడా. అయినా అతను పిలిస్తే కొట్టు మూసి వెళ్తుంది. అతని బుర్ర పనిచేస్తుంటే చూడటం ఆమెకు తక్కెడలో ముల్లు నిలవడం చూసినంత సుఖం.

వీధిలో పరుగు వినిపించింది. నెత్తిన టోపీ కూడా లేకుండా ఒక ఐరిష్ స్త్రీ వచ్చి గడప పట్టుకుంది. రేవు ఆఫీసులో పటాలు గీసే ఎత్యెన్ గరో భార్య, బ్రిజిడ్.

"డోర్కసక్కా, మా ఆయన్ని పట్టుకుపోయారు. రేపు పొద్దున కోర్టట. దేశద్రోహమంటున్నారు. ఉరే అంటున్నారు!"

డోర్కస్ ఆమెను కూర్చోబెట్టి టీ చేతిలో పెట్టింది. ఆమె తాగకుండానే కప్పు పక్కన పెట్టేసింది.

"మొదటినుంచి చెప్పమ్మా," అన్నాడు ట్రెవీన్. "తొందరపడకు. నువ్వు తొందరపడితే నేను తప్పు వింటాను."

ఆమె చెప్పింది. దక్షిణ తీరంలో ఒక అఖాతం ఉంది. దానికి ఇంగ్లీషు వాళ్లు ఒక పేరు, ఫ్రెంచివాళ్లు ఒక పేరు పెట్టుకున్నారు. అక్కడ పుట్టి పెరిగినవాళ్లు ఏమంటారో ఇద్దరూ అడగలేదు. ఎవరు ముందు జెండా పాతి ఇళ్లు కట్టుకుంటే అది వాళ్లది. అఖాతంలోకి దారి ఇరుకు, అడుగడుగునా ఇసుక దిబ్బలు. ఆ దారి లోతులు తెలిసినవాడు ఈ రేవులో గరో ఒక్కడే. పాతికేళ్ల క్రితం ఫ్రెంచి ఓడలో వచ్చి ఆ దారి కొలిచాడు, తర్వాత బ్రిజిడ్‌ను చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. రేవు అధికారి ఆస్‌క్యూ అడిగితే తన పాత నోటుపుస్తకం చూసి పటం గీసిచ్చాడు. రెండు నెలల క్రితం కెప్టెన్ మాడర్న్ ఆ పటం తీసుకుని వెళ్లాడు. అఖాతం దొరకలేదు. చూడటానికి పంపిన పడవ కొండరాళ్లకు కొట్టుకుని ఐదుగురు పోయారు.

"మొన్న సోమవారం ఓడ తిరిగొచ్చింది. కెప్టెన్ పటాన్ని రేకు గొట్టంలో పెట్టి, మైనంతో మూసి, ఆఫీసులో అప్పజెప్పాడు. బుధవారం గుమాస్తా తీసి చూస్తే గొట్టం ఖాళీ! మంగళవారమంతా ఆ గదిలో మా ఆయన ఒక్కడే పనిచేశాడు. ఇంకేముంది? తప్పుడు పటమిచ్చి మనవాళ్లను ముంచాడు, నిజం బయటపడకుండా దాన్ని తీసి రేవులో ఉన్న ఫ్రెంచి ఓడకు అమ్మేశాడు అంటున్నారు."

"అమ్మాడా?"

"ఆయన ఆఫీసయ్యాక బఠానీ మడి వదిలి పక్క వీధికే రాడు! ఎక్కడికి పోయి అమ్ముతాడు?"

డోర్కస్ మనసులోనే తూచి చూసింది. ఒకవైపు ఐదుగురి చావు, పోయిన పటం, రేవులో శత్రువు ఓడ. ఇంకోవైపు ఒక బఠానీ మడి. తక్కెడ ఎటు మొగ్గుతుందో చెప్పడానికి కోర్టుకు గంట కూడా పట్టదు.

ముందు రేవు ఆఫీసుకు వెళ్లారు. గుమాస్తా రాగ్ మూల గదిలో బీరువా చూపించాడు.

"గొట్టం తీసుకున్నప్పుడు విప్పి చూశావా?" అన్నాడు ట్రెవీన్.

"ఎందుకండీ? మైనం మీద కెప్టెన్ ముద్ర ఉంది. గొట్టం అడుగున సీసం ఉంటుంది, శత్రువు పట్టుకుంటే సముద్రంలో పడేయడానికి. బరువుగానే ఉంది. తీసుకుని లోపల పెట్టాను."

"బుధవారం తీసినప్పుడు మైనం ఎలా ఉంది?"

రాగ్ తల గోక్కున్నాడు. "గట్టిగా ఉంది. చాకుతో కోశాను."

"ముద్ర?"

"ఉన్నట్టే గుర్తు. ప్రమాణం చేయమంటే మాత్రం చేయలేను. నన్ను ఇరికించకండి బాబూ!"

అక్కడినుంచి వాళ్లు మాడర్న్ ఓడకు వెళ్లారు. అదే అఖాతానికి రేపు మళ్లీ ప్రయాణం, సామాను ఎక్కుతోంది: ఉప్పు మాంసం పీపాలు, నాగళ్లు, బోనుల్లో గొర్రెలు, వెంట అక్కడ ఇళ్లు కట్టుకోబోయే పన్నెండు కుటుంబాలు. మాడర్న్ ఎర్రటి కళ్లతో, మనిషి నిద్రపోయి వారమైనట్టున్నాడు.

"ఆ పటం శుద్ధ అబద్ధం. అఖాతం రేఖాంశం నూట నలభై మూడో డిగ్రీ అని రాశాడు. సూర్యుణ్ణి చూసి, గడియారం చూసి, సరిగ్గా నూట నలభై మూడుకు చేరాను. అఖాతమా? నిలువెత్తు కొండలు! నా మనుషులు ఐదుగురు..." మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. "వాడికి ఉరి తక్కువే."

"మీకు ఫ్రెంచి వచ్చా కెప్టెన్?"

"ఒక్క ముక్క రాదు."

"పటం మీద ఫ్రెంచిలో ఏమన్నా రాసుందా?"

"అడుగున ఏదో గిలికాడు. అలంకారమనుకున్నాను."

"పటం లేదు కదా. రేపు ఆ ఇరుకు దారిలోకి ఎలా వెళ్తారు? దారి చూపే మనిషిని గానీ, ఇంకో పటం గానీ అడిగారా?"

"దేవుడున్నాడు, లోతు తాడుంది," అన్నాడు మాడర్న్ ముఖం తిప్పుకుని. "నాకు పనుంది. దిగండి."

అక్కడినుంచి పడవలో ఫ్రెంచి ఓడకు వెళ్లారు. మెట్లు ఎక్కుతుండగా ట్రెవీన్, "డోర్కసమ్మా, ఆ మనిషి అబద్ధమాడుతున్నాడు. కానీ ఏడుపు నిజం. రెండూ ఒకచోట ఎలా ఇముడుతాయో తెలియడం లేదు," అన్నాడు.

ఫ్రెంచి లెఫ్టినెంట్ కెర్వెల్ల దాపరికం లేని మనిషి. వైన్ పోసి, వాళ్లు వద్దంటే తానే తాగాడు.

"గరోను నేనే అడిగాను. నలుగురిలోనే, రేవు ఆఫీసు గుమ్మంలో. ఆ దారి లోతులు మాకివ్వు, నిన్ను ఇంటికి తీసుకెళ్తాం అన్నాను. ఇల్లు ఇదే, పోవయ్యా అన్నాడు."

డోర్కస్ లెక్క వేసుకుంది. అడిగాడన్న మాట కోర్టులో చాలు, కాదన్నాడన్న మాట ఎవరు నమ్ముతారు?

"ఆ అఖాతం బయటి తీరం మీ పుస్తకంలో ఉందా?" అన్నాడు ట్రెవీన్.

"ఉంది. అచ్చయింది కూడా." లెఫ్టినెంట్ పుస్తకం తెరిచి వేలు పెట్టాడు. "ఇదిగో, నూట నలభై మూడు. మా ప్యారిస్ వాళ్ల లెక్క ఎప్పుడూ తప్పదు. ఎల్లుండి మేమూ బయల్దేరుతున్నాం. మీ కెప్టెన్‌కు చెప్పండి, జెండా కర్ర నిటారుగా పాతమని!"

మెట్లు దిగుతూ డోర్కస్ గొణిగింది. "అదే నూట నలభై మూడు! ఫ్రెంచివాళ్ల పుస్తకంలోనూ అదే, గరో పటంలోనూ అదే. మాడర్న్ అక్కడికే చేరాడు. మరి అఖాతం ఎటు పోయింది?"

ట్రెవీన్ చప్పున ఆగాడు. తెడ్డు వేసేవాడు తిట్టుకున్నాడు.

"నీ కొట్టులో ఆ తాడు ఇంకా ఉందా?"

"ఉంది. ఇంకో పది గుర్తులు కట్టాలి."

"కట్టకు. అలాగే పట్టుకురా. చీటీ కూడా. మూడు గంటలకు ఆస్‌క్యూ గదిలో అందరూ ఉండాలి. గరోను కూడా తెమ్మను."

మూడు గంటలకు ఆ గదిలో ఊపిరాడనంత జనం లేకపోయినా ఎవరికీ ఊపిరాడలేదు. ఆస్‌క్యూ బల్ల వెనక ఉన్నాడు. రాగ్ గోడకు అంటుకుని నిలబడ్డాడు. మాడర్న్ చేతులు కట్టుకున్నాడు. సంకెళ్లతో గరో వచ్చాడు, నెరిసిన గడ్డం, వేళ్లకు సిరా. బ్రిజిడ్ అతని చొక్కా అంచు పట్టుకుంది, కావలివాడు అదిలించినా వదల్లేదు.

"త్వరగా కానీయండి, ట్రెవీన్ గారూ," అన్నాడు ఆస్‌క్యూ. "రేపు ఓడ కదలాలి. ఫ్రెంచివాళ్లు ఎల్లుండి."

"మొదట కొండల సంగతి. కెప్టెన్, నూట నలభై మూడు అన్నారు. ఎక్కడినుంచి లెక్క?"

"ఎక్కడినుంచేమిటి? సున్నా గీత ఉన్న లండన్ పక్కన గ్రీనిచ్ నుంచి. లోకమంతా అక్కడినుంచే కదా!"

"గరో, నువ్వు ఎక్కడినుంచి లెక్కపెట్టావు?"

"ప్యారిస్ నుంచి బాబూ. మా పాత పుస్తకంలో అలాగే ఉంది. పటం అడుగున రాశాను కూడా, 'ప్యారిస్ నుంచి లెక్కించినది' అని. ఓడవాళ్లకు అది మామూలే అనుకున్నాను."

"ప్యారిస్ గ్రీనిచ్‌కు తూర్పున రెండు డిగ్రీల ఇరవై నిమిషాలు. ఆ తేడా కలపకుండా పోతే వందమైళ్లు పడమరగా తేలతాం. అక్కడ అఖాతం లేదు, కొండలున్నాయి. పటం తప్పు కాదు. చదివిన కెప్టెన్ తన దేశం గీతే లోకం గీత అనుకున్నాడు. ఫ్రెంచివాడైతే ప్యారిసే లోకం అనుకునేవాడు, అంతే తేడా."

మాడర్న్ ముఖం సున్నం కొట్టినట్టయింది. "అయితే నేను పొరబడ్డాను. పొరబాటు నేరమా? పటం దొంగిలించింది మాత్రం వీడే!"

"పటం ఆ గొట్టంలోకి అసలు రాలేదు. బుధవారానికి కూడా మైనం చెక్కుచెదరలేదు. ముద్ర మీది. సీసం బరువుంది గనుక రాగ్ విప్పి చూడలేదు. ఎవరూ విప్పరని మీకు తెలుసు. డోర్కసమ్మా, తాడు."

డోర్కస్ తాడును నేల మీద పరిచింది. ట్రెవీన్ కొలకర్ర ఆస్‌క్యూ చేతికిచ్చాడు. ఆస్‌క్యూ వంగి రెండు గుడ్డపీలికల మధ్య కొలిచాడు, మళ్లీ కొలిచాడు.

"ఐదడుగుల నాలుగంగుళాలు. ఇదేం కొలత?"

"ఆ ఆడమనిషి పొరబాటు!" అన్నాడు మాడర్న్.

డోర్కస్‌కు ఒళ్లు మండింది. "నా కొలతకు వంకపెట్టే మొనగాడివా? ఇదిగో నీ చీటీ, ఇదిగో నీ సంతకం. అద్దాలు కావాలంటే అవీ అమ్ముతాను."

"గరో," అన్నాడు ట్రెవీన్, "ఫ్రెంచి బార ఎంత?"

గరో తాడు వంకే చూస్తున్నాడు. "మా అడుగులు ఐదు. ఇంగ్లీషు కొలతలో... ఐదడుగుల నాలుగంగుళాలు. నా పటంలో లోతులన్నీ ఆ బారల్లోనే ఉన్నాయి."

ఆస్‌క్యూ తాడు మీదినుంచి తలెత్తి మాడర్న్ వైపు చూశాడు.

"పటం అబద్ధమని నమ్మినవాడు దాని కొలతకు తాడు కట్టించుకోడు," అన్నాడు ట్రెవీన్. "పటం పోయిందనుకున్నవాడూ కట్టించుకోడు. కెప్టెన్ తిరుగు ప్రయాణంలో పటం మీది ఫ్రెంచి ముక్క ఎలాగో అర్థం చేసుకుని తన తప్పు తెలుసుకున్నాడు. అడుగున ఉన్న ఆ రాత ఎవరు చూసినా ఐదుగురి చావు తన మెడకే చుట్టుకుంటుంది. అందుకని పటం మాయం కావాలి. కానీ పారేయలేడు. రేపు పన్నెండు కుటుంబాలతో అదే ఇరుకులోకి వెళ్లాలి. ఒకసారి కొలతలో దెబ్బతిన్నాడు, ఈసారి బారలో తేడా రాకూడదని తాడే మార్పించుకున్నాడు. ఆ జాగ్రత్తే పట్టిచ్చింది."

"ఓడ పలకలు ఊడదీయిస్తాను," అన్నాడు ఆస్‌క్యూ లేస్తూ.

"అక్కర్లేదు." మాడర్న్ కుర్చీలో కూలబడ్డాడు. "నా పడక కింద ఉంది. అడుగు ముక్క కోసేశాను. ఉరి దాకా పోతుందనుకోలేదు. ఫ్రెంచివాడు కదా, వాళ్ల ఓడ ఎక్కించి పంపేస్తారనుకున్నాను."

"నేనో?" అంది బ్రిజిడ్. "నన్నెక్కడికి పంపుతారనుకున్నావు?"

కావలివాడు మాడర్న్ భుజం పట్టి లేపాడు. అతన్ని తీసుకెళ్లారు. గరో సంకెళ్లు విప్పారు.

ఆస్‌క్యూ కిటికీలోంచి చూశాడు. ఫ్రెంచి ఓడ మీద తెరచాపలు కడుతున్నారు. అతను గొంతు సవరించుకున్నాడు. "గరో గారూ, ఓడకు ఇంకో కెప్టెన్ ఉన్నాడు. కానీ ఆ దారి..."

"సిగ్గులేదూ!" బ్రిజిడ్ విరుచుకుపడింది. "పొద్దున ఈయన మెడకు ఉరితాడు చూసుకున్నారు, సాయంత్రానికి దారి చూపమంటారా?"

గరో మణికట్లు రుద్దుకున్నాడు. డోర్కస్ అతన్నే చూస్తోంది. ఇలాంటి బేరం తన కొట్టుకొస్తే ఎంతకైనా ఎక్కించవచ్చు. భూమి అడగొచ్చు, ఓడ వాటా అడగొచ్చు. ఇవ్వక చస్తారా!

"వస్తాను," అన్నాడు గరో. "ముందు ఆ కొండల దగ్గర ఆగాలి. ఐదుగుర్ని వెతికి పూడ్చాలి."

"అది వందమైళ్లు అవతల! వెనక్కి రావడానికే రోజు పడుతుంది. గాలి తిరగబడితే రెండు. ఫ్రెంచివాళ్లు ముందు చేరిపోతారు!"

"చేరవచ్చు."

"జెండా వాళ్లదవుతుంది, తెలుస్తోందా?"

"తెలుస్తోంది. ఆ గీత గీసింది నేనండీ. తప్పు నాది కాదని ఈయన నిరూపించారు, మంచిదే. ఆ ఐదుగురు మాత్రం నా అంకె పట్టుకునే పోయారు."

ఆస్‌క్యూ ట్రెవీన్ వైపు చూశాడు, సాయం చేయమన్నట్టు. ట్రెవీన్ కోటు బొత్తాలు పెట్టుకుంటున్నాడు. ఆస్‌క్యూ డోర్కస్ వైపు చూశాడు. ఆమె తాడు చుట్టుకుంటోంది. చివరికి అతను ఓడకు ఆజ్ఞ రాసే కాగితం ముందుకు లాక్కుని, సిరాలో కలం ముంచి, రాయకుండా ఆగాడు.

"త్వరగా రాయండి," అంది బ్రిజిడ్, మొగుడి చేయి పట్టుకుని. "ఆలస్యం చేస్తే ఈయన ఆ ఐదుగురి ఇళ్లకు కూడా వెళ్లి చెప్పి రావాలంటాడు."

గరో ఆమె వైపు తిరిగాడు. "అది ఇవాళే వెళ్దాం," అన్నాడు.

ఆస్‌క్యూ రాయడం మొదలుపెట్టాడు.