నిశ్చలవేళ

పది గంటలకు గంట మోగగానే జాబిల్లిపేటలో మూడువందల పన్నెండు మంది ఎక్కడివారక్కడ కూర్చుండిపోయారు. వంటశాలలో గరిటె ఆగింది. నడవలో పరుగెత్తుతున్న పిల్లలు నేలకు అతుక్కున్నారు. చంద్రుడి మీది ఆ కాలనీలో దీన్ని నిశ్చలవేళ అంటారు. 2114 నాటికి అది భోజనవేళ అంత మామూలు విషయం.

కారణం డాక్టర్ చిత్కళ కనిపెట్టిన దూరకటకం. పాతకాలపు టెలిఫోటో జూమ్ లెన్సులో గాజుబిళ్లలు ముందుకూ వెనక్కూ జరిగి నాభ్యంతరాన్ని, అంటే ఫోకల్ లెంగ్త్‌ను, మార్చేవి. అది పెరిగినకొద్దీ దూరపు వస్తువు దగ్గరయ్యేది, చూపు ఇరుకయ్యేది. దూరకటకంలో గాజు లేదు. వంద కిలోమీటర్ల ఉల్కాబిలంలో పరిచిన పదివేల ద్రవకటకాలు ఒకే కన్నులా వంపు మార్చుకుంటాయి. అయితే పాత ఇబ్బంది ఒకటి మిగిలింది. బొమ్మతోపాటు వణుకూ పెద్దదవుతుంది. పూర్వం ఫోటో తీసేవాడు ఊపిరి బిగబట్టేవాడు. ఇక్కడ ఊరంతా బిగబట్టాలి, పదకొండు నిమిషాలు.

పరాయి సూర్యుళ్ల కోసం ముప్పై ఏళ్లు శ్రమించి చేసిన పరికరాన్ని జనం వంతులవారీగా భూమి వైపే తిప్పుకుంటున్నారు. తమ వీధి, తమ గుమ్మం, పొరుగింటి డాబా మీద ఆరేసిన బట్టలు. ఇక దూరకటకాన్ని పూర్తిగా భూమికే కేటాయించాలని తీర్మానం వచ్చింది. మధ్యాహ్నం ఓటింగు. చిత్కళకు మిగిలింది ఈ పదకొండు నిమిషాలే.

"నేను మీకు వ్యతిరేకిని కాను చిత్కళగారూ," అన్నాడు నియంత్రణ గదిలో ఆమె పక్కనే కూర్చున్న కాలనీ అధ్యక్షుడు గవర్రాజు. "కానీ నక్షత్రాల కోసం జనం ఎన్నాళ్లని మోకాళ్లు పట్టేసేలా కూర్చుంటారు?"

"తోడికోడలి కొత్త చీర కోసమైతే పట్టేయవు కాబోలు."

"ఈ గదిలో ఎవరో కాలు ఊపుతున్నారు," అంది కంపనాలను కొలిచే యంత్రం అచల.

గవర్రాజు కాలు ఆపాడు.

చిత్కళ దూరకటకాన్ని గురిపెట్టే వలయం తిప్పింది. ఊళ్లోని ప్రతి గోడ మీదా నలభై ఏళ్ల కిందట ఒక పరాయి గ్రహం నుంచి బయలుదేరిన వెలుతురు పరుచుకుంది. నీలి సముద్రం. దాని మీద మెల్లగా కదిలే తెల్లటి మబ్బు. టెలిఫోటోలో దూరాలు కుదించుకుపోతాయి గనుక, ఆ గ్రహమూ దాని చంద్రుడూ ఒకదాన్నొకటి ఆనుకున్నట్టున్నాయి. ఆ చంద్రుడి మీద ఏదో తళుక్కుమంది. ఆమె ఇంకా దగ్గరికి లాగింది. ఒక బిలం. బిలం నిండా, వరుస తప్పకుండా, వేల మెరిసే వృత్తాలు.

"సహజమైనది కాదు," అంది అచల. "కటకమే. మన దానికంటే రెండింతలు."

కంపన సూచిక మొదటిసారిగా సున్నాకు దిగింది. పాలు తాగే పసిబిడ్డ కూడా కదల్లేదు.

"మనల్నే చూస్తున్నారా?" గవర్రాజు అడిగాడు.

"అచలా, దాని ముఖం ఎటుంది?"

"దాని సొంత గ్రహం వైపు."

గవర్రాజు నెమ్మదిగా అన్నాడు. "అయితే వాళ్లకూ తోడికోడళ్లున్నారన్నమాట."

చివరి నిమిషం గడిచేదాకా చిత్కళ చేయి వలయం మీదే ఉంది.

మధ్యాహ్నం తీర్మానం వీగిపోయింది. మూడు ఓట్లు తప్ప అన్నీ ఆకాశానికే. చిత్కళ కళ్లు తుడుచుకుంది. మనిషి చూపు తన గడప దాటడాన్ని బతికుండగా చూశాననుకుంది. తర్వాత ఓటర్లు రాసిన కారణాలు తెరిచింది. మొదటి చీటీలో ఇలా ఉంది: "వాళ్లు ఎవరింటిని చూస్తున్నారో తెలియాలి." రెండోదానిలోనూ అదే. నలభయ్యోదానిలోనూ అదే.

ఆ రాత్రే ఆమె కాలనీ మండలికి నాలుగు పేజీల ఉత్తరం రాసింది. విశ్వం తలుపు తెరిస్తే కిటికీలోంచి తొంగిచూసే జాతికి దూరకటకం తగదని, ఒక్క మాట తొణకకుండా.

మర్నాడు గంట మోగింది. ఉత్తరం ఒళ్లో పెట్టుకుని ఆమె కూర్చుంది. ఎదురుగా గోడ ఇంకా చీకటిగా ఉంది. పక్కనున్న గవర్రాజుకు వినపడకుండా గొంతు తగ్గించి అంది:

"అచలా, వాళ్ల కటకం చూపు పడుతున్న చోటికి తిప్పు."

"తిప్పే ఉందండీ," అంది అచల. "నిన్న పదకొండో నిమిషంలో మీరే తిప్పారు."