సరస్సు ఊరికి వేసిన టైంటేబులు

కాస్త ముందుకు జరిగి కూర్చోండి, వెనకవాళ్ళకి నా గొంతు అందదు. నేను చెప్పబోయేది అర్ధరాత్రి సంగతి కాదు. శనివారం మధ్యాహ్నం, పట్టపగలు మొదలైంది. దేవుణ్ణి నమ్మినదాన్ని, లేనిది చెప్పను.

నేను చిన్న పిల్లల బళ్ళో టీచర్ని. ఇరవై రెండేళ్ళుగా టైంటేబులు లేకుండా నాకు పొద్దు గడవదు. మా ఆయనది కళ్ళజోళ్ళ కొట్టు. ఊళ్ళో అందరికీ చూపు సరిచేస్తారు గానీ, ఇంట్లో ఎదురుగా ఉన్న తువ్వాలు కనపడదు. మాకు ఒక్కతే కూతురు. మాట్లాడ్డం మొదలుపెడితే ఆపదని పిచ్చుక అని పిలుచుకుంటాం. మూడు గంటల ప్రయాణం దూరంలో, సరస్సు ఒడ్డున ఉన్న చిన్న యూనివర్సిటీ ఊళ్ళో చదువుకుంటోంది. అది చేరి ఏడాదవుతున్నా మేం ఆ ఊరు చూడలేదు. వచ్చే శనివారం నుంచి దానికి సెలవులు. పొద్దున్న వెళ్ళి, పగలంతా ఊరు చూసి, సాయంత్రం పిల్లని వెంటబెట్టుకుని రావాలని అనుకున్నాం.

ఆ మధ్యాహ్నం వంటింటి బల్ల దగ్గర నోటుబుక్కు తెరిచి, స్కేలుతో గీతలు కొట్టాను.

"ఏం టీచరమ్మా, నీళ్ళు తాగడానికి కూడా పీరియడుందా?" అన్నారు మా ఆయన.

"ఉంది. మీరు జోడు వెతుక్కోవడానికి కూడా పది నిమిషాలు వేశాను."

గెస్ట్‌హౌస్‌లో దిగడం, కాంటీన్లో టీ, లైబ్రరీ, దాని క్లాసు గది, నాలుగింటికి పడవ, ఐదింటికి ముగ్గురం తిరుగు బస్సు. అన్నీ రాసి, పగలు ఉండటానికి గది చెప్పుకుందామని గెస్ట్‌హౌస్‌కి ఫోన్ చేశాను. మేనేజరు మర్యాదస్తుడు. నా పేరు, మా ఆయన పేరు రెండూ విన్నాడు.

"మీరు పొద్దున్నే దిగారు కదండీ," అన్నాడు. "ఇంకో గది కావాలా?"

ఎవరో అనుకుని పొరపడుతున్నారండీ అన్నాను. ఆయన నవ్వాడు. "మీ గొంతు గుర్తుపట్టనా? మీవారు వచ్చీ రాగానే నా కళ్ళజోడు పుల్ల వదులైందని బిగించి ఇచ్చారు. ఇప్పుడు పెట్టుకున్నది అదే. తర్వాత మీ అమ్మాయి వచ్చి మిమ్మల్ని కాంటీన్‌కి తీసుకెళ్ళింది."

ఫోను పెట్టేశాను. మా ఆయనకి సంగతి చెప్పాను. ఎక్కడికెళ్ళినా ముందు ఎదుటివాళ్ళ కళ్ళజోడు పుల్లలే చూసే మనిషి. నవ్వాలని చూశారు.

పిచ్చుకకి ఫోన్ చేశాను. వెంటనే ఎత్తింది. వెనక గాలి, నీళ్ళు గట్టుకి కొట్టుకునే చప్పుడు.

"ఏంటమ్మా, పడవ టిక్కెట్ల దగ్గరికెళ్ళి అక్కణ్ణించి ఫోనా?"

"నేను ఇంట్లో ఉన్నాను తల్లీ."

"జోకులు చాలు. లైను పెద్దగా ఉందా? నాన్న ఇక్కడ జోడు తుడిచిందే తుడుస్తున్నాడు."

నా ఎదురుగా, వంటింటి బల్ల దగ్గర, మా ఆయన జోడు తుడుస్తున్నారు. చొక్కా అంచుతో. ఆపకుండా.

ఫోను ఆయన చేతిలో పెట్టాను. "పిచ్చుకా, నేన్రా, నాన్నని. నీ పక్కనున్నవాళ్ళు మేం కాదు. ఆ పడవ ఎక్కకు. జనం ఉన్న చోటికి పరుగెత్తు..."

అవతల మాట ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగాక మా పిచ్చుక అంతసేపు నోరు మూసుకోవడం అదే మొదటిసారి. తర్వాత చిన్న గొంతుతో, పరాయివాళ్ళతో మాట్లాడినట్టు అడిగింది.

"మా నాన్న నా ఎదురుగా ఉన్నాడు. మీరెవరండీ?"

ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. ఇంకోసారి... ఇంకోసారి... ఆపైన ఫోనే కట్టేసింది. దానికి ఈత రాదు. తొట్టిలో నీళ్ళు కాస్త లోతుగా ఉంటేనే గిలగిల్లాడే పిల్ల. గడియారంలో నాలుగింటికి పది నిమిషాలు తక్కువ.

యూనివర్సిటీ ఆఫీసుకి చేస్తే మోగి మోగి ఆగిపోయింది, శనివారం కదా. పోలీసులకి చేశాం. "మీ అమ్మాయి తల్లిదండ్రులతో ఉంది, మీరే ఆ తల్లిదండ్రులు. ఇందులో ఫిర్యాదేముందమ్మా?" అన్నాడు ఒకాయన, పాపం ఓపిగ్గానే. మిగిలింది గెస్ట్‌హౌస్ మేనేజరు. ఆయన కిటికీలోంచి పడవల రేవు కనిపిస్తుందట.

"అదిగో, ముగ్గురూ రేవులో ఉన్నారు," అన్నాడు. "లైబ్రరీ చూశారు, క్లాసు చూశారు. ఇప్పుడు పడవ, తర్వాత బస్సు అని మీరే కదండీ పొద్దున్న నాకు వరసగా చెప్పారు?"

పొద్దున్నకి నేనింకా నోటుబుక్కు తెరవలేదు.

"బాబూ, దండం పెడతాను, వెళ్ళి ఆ పిల్లని ఆపు."

ఆయన గొంతు మారింది. "ఆ పిల్ల పక్కన కన్నతల్లి ఉంది. ఆపమనడానికి మీరెవరు?"

మీరైనా చెప్పండి, ఏమని చెప్పాలి?

అప్పుడు, ఫోనుకి చెవి ఆనించి వింటున్న మా ఆయన నాతో గుసగుసగా అన్నారు. "వాళ్ళు చేసేదంతా నువ్వు రాసిందే. కొట్టెయ్. పడవ కొట్టెయ్."

కొట్టేశాను. కాగితం చిరిగేదాకా.

"ఆగారండీ," అన్నాడు మేనేజరు. "పిల్ల ఒక కాలు పడవలో పెట్టింది. ఆవిడ చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. వెళ్ళిపోతున్నారు."

దేవుడా, బతికించావు తండ్రీ అని కన్నీళ్ళు పెట్టుకున్నాను. ఇరవై రెండేళ్ళ టీచర్ని, అంత చిన్న సంగతి మర్చిపోయాను. బళ్ళో ఒక పీరియడు రద్దయితే తర్వాతది ముందుకు జరుగుతుంది. నేనే జరుపుతాను, ప్రతిసారీ.

"అరె, బస్సు కూడా వచ్చేసింది," అన్నాడు మేనేజరు. "ముగ్గురూ ఎక్కారు."

నోటుబుక్కులో తర్వాతి గీత కింద, నా గుండ్రటి చేతిరాతలో ఉంది: ముగ్గురం ఇంటికి.

అది కూడా కొట్టేశాను. 'పిల్ల హాస్టల్‌కి' అని రాశాను, 'వాళ్ళు దిగిపోవాలి' అని రాశాను, పేజీ నిండిపోయింది. "బస్సు మలుపు తిరిగిందండీ, ఇక నాకు కనపడదు," అని మేనేజరు ఫోన్ పెట్టేశాడు.

మూడు గంటలు బస్టాండు బెంచీ మీద కూర్చున్నాం. నాకొచ్చిన ప్రార్థనలన్నీ చదివాను. ఏడు దాటాక బస్సు వచ్చింది. డీజిలు వాసన... దాని మీద ఇంకో వాసన, పాచి పట్టిన నీళ్ళది. జనం దిగారు. ఆఖర్న మా పిచ్చుక దిగింది. ఒక్కతే.

ఒక్కతే అంటున్నాను గానీ, అది నవ్వుతోంది. కుడివైపు తిరిగి ఏదో అంది. ఎడమవైపు తిరిగి జవాబు విని తలూపింది. దానికి అటూ ఇటూ మనిషి పట్టేంత ఖాళీ. అంత రద్దీలోనూ ఆ ఖాళీలోకి ఎవరూ అడుగు పెట్టడం లేదు... పక్కకి తప్పుకుని నడుస్తున్నారు.

"పిచ్చుకా," అన్నాను.

మమ్మల్ని చూసింది. మొహం పాలిపోయింది. కుడివైపు ఖాళీని గట్టిగా పట్టుకుని, "అమ్మా, అటు చూడకు," అంది. అడుగులు పెంచింది.

పరుగెత్తాం. మా ఆయనకి మోకాళ్ళ నొప్పి, నాకు ఆయాసం. మూడు వీధులు. అది మా గుమ్మం ఎక్కడం కనపడింది, తలుపు మూసుకోవడం కనపడింది. నేను తాళం వేసి వెళ్ళిన తలుపు అది.

తట్టాను. మెల్లగా, పిల్ల భయపడకుండా.

"అమ్మా..." లోపల పిచ్చుక గుసగుస. "ఫోన్లో మాట్లాడినవాళ్ళే."

"ఉండు తల్లీ, భయపడకు," అంది నా గొంతు. లోపల్నుంచి.

తాళంచెవి నా చేతిలోనే ఉంది. తిప్పాను. తిరుగుతోంది. గడియ కదులుతున్న చప్పుడు కూడా వినపడింది. ఇంకొక్క సగం తిప్పితే తలుపు తెరుచుకుంటుంది. అప్పుడే లోపల ప్రార్థన మొదలైంది. చెడ్డది దేవుడి పేరు పలకలేదని చిన్నప్పట్నుంచీ నమ్మాను, బళ్ళో పిల్లలకీ అదే చెప్పాను. నా గొంతు ఆ పేరు పలికింది. తడబడకుండా, నాకంటే భక్తిగా. మా ఆయన గొంతు, పిల్ల గొంతు కలిశాయి.

"తండ్రీ, మా ముగ్గుర్నీ చల్లగా చూడు," అంది. "గుమ్మం బయట ఉన్న ఆ ఇద్దర్నీ లోపలికి రానివ్వకు."

నా చేతిలో తిరుగుతున్న తాళంచెవి ఆగిపోయింది.