దాచిన నడక

ఉదయం తొమ్మిదింటికి సంయుక్త మెట్లు దిగుతుంటే మనోరమ బాల్కనీలోకి వచ్చి నిలబడింది. కూతురు బడికి వెళ్లిన రోజుల నుంచీ ఆమెకు ఇదే అలవాటు. చిక్కడపల్లిలోని ఆ సందు మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉంటుంది. సంయుక్తకిప్పుడు ఇరవై నాలుగేళ్లు. అశోక్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్లో, సర్కారు కొలువులకు చదివే పిల్లలకు లెక్కలు చెబుతుంది.

"భుజం," అంది మనోరమ పైనుంచి, మెల్లగా.

సంయుక్త నడుము బిగించి నిటారుగా అడుగు వేసింది.

పుట్టుకతోనే ఆమె ఎడమ తుంటి కీలు కుదురుకోలేదు. మూడో ఏట ఆపరేషన్ చేయించారు. ఎముక సర్దుకుంది గాని ఆ పక్క కండరాలకు బలం రాలేదు. ఎడమ కాలి మీద బరువు పడినప్పుడల్లా ఒళ్లు ఎడమకు ఊగుతుంది. ఆ ఊపు ఎవరి కంటా పడకుండా నడవడం ఆరేళ్ల వయసులో తల్లే నేర్పింది. రోజూ సాయంత్రం హాల్లో గోడ పక్కన, ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించేది. వీధిలో చాలామందికి ఆ పిల్ల కాలి సంగతే తెలియదు. నెమ్మదస్తురాలు అనుకుంటారు.

2012 ఆగస్టులో సంయుక్తను బాధపెట్టింది ఆ ఎడమ కాలు కాదు, బాగున్న కుడి కాలు. మధ్యాహ్నానికల్లా మోకాలు వాచిపోతోంది. అదే సమయంలో సెంటర్‌వాళ్లు సాయంత్రం బ్యాచ్ కూడా తీసుకోమన్నారు.

"నాతోని అయితలేదమ్మా. మానేద్దామనుకుంటున్న," అంది ఆ రోజు ఇంటికొచ్చి.

"మానెయ్ బిడ్డా. ఇంట్ల కూసొని ట్యూషన్లు చెప్పుకో," అంది మనోరమ. ఆ గొంతులో సంతోషం వినిపించి సంయుక్త మనసు చివుక్కుమంది. రెండు వందల మంది ముందు బోర్డు మీద లెక్క విప్పి చెప్పే ఆ గంటలే ఆమెకు రోజు మొత్తంలో ఇష్టమైనవి.

తమ్ముడు అభిజిత్ ఆ మాటలు విన్నాడు. అడిక్‌మెట్ పక్కనున్న యూనివర్సిటీలో అతను ఎంటెక్ చేస్తున్నాడు. మనుషుల నడకను కొలవడమే అతని ప్రాజెక్టు.

"అక్కా, ఒకసారి మా ల్యాబ్‌కు రా. మోకాలు ఎందుకు వాస్తుందో చూద్దాం," అన్నాడు తల్లి లోపలికి వెళ్లాక.

"అమ్మకు తెలిస్తే?"

"లైబ్రరీకి పోతున్నమని చెప్దాం."

ల్యాబ్ అంటే ఒక పొడవాటి గది. నేలలో రెండు పలకలు అమర్చి ఉన్నాయి. వాటిమీద అడుగు వేస్తే కాలు ఎంత బరువు మోపిందో కంప్యూటర్‌లో గీతలా కనిపిస్తుంది. అభిజిత్ అక్క తుంటి దగ్గర, మోకాళ్ల దగ్గర, మడమల దగ్గర తెల్లటి చుక్కలు అంటించాడు. గుండె వేగం చూసే పట్టీని ఛాతీకి కట్టుకోమని ఇచ్చి, పక్కనున్న కెమెరా ఆన్ చేశాడు.

"మామూలుగ నడువు."

ఆమె నడిచింది. అతను తెర వైపు చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇది కాదక్కా. అమ్మ వంటింట్ల ఉన్నప్పుడు హాల్లకెళ్లి నీ రూముకు గబగబ పోతవ్ చూడు, గట్ల నడువు."

సంయుక్త గుమ్మం వైపు చూసింది. తర్వాత తలుపు వేయమంది. బిగించిన నడుము వదిలేసి, ఒంటిని దాని ఇష్టానికి విడిచిపెట్టి నడిచింది. ఒకరు చూస్తుండగా అలా నడవడం, ఊహ తెలిశాక అదే మొదటిసారి. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. కానీ పది రౌండ్లు తిరిగాక కూడా ఆయాసం రాలేదు.

ఆదివారం మధ్యాహ్నం అభిజిత్ లాప్‌టాప్ బల్లమీద వదిలి స్నానానికి వెళ్లాడు. బల్ల తుడవడానికి వచ్చిన మనోరమకు తెరమీద కూతురు కనబడింది. ఒంటినిండా చుక్కలు. ఎడమకు ఊగుతూ నడుస్తోంది, అయిపోగానే మళ్లీ మొదటినుంచి నడుస్తోంది.

కొడుకు బయటికి రాగానే అడిగింది. "దీన్ని ఎంతమంది చూసిన్రు?"

"మా సారు, ఇద్దరు దోస్తులు."

"పద్దెనిమిదేండ్ల సంది ఎవ్వరి కంట పడకుంట కాపాడుకొస్తున్న. నువ్వు తీస్కపోయి తమాషా చేసినవ్ గదరా."

"వాడు తీస్కపోలేదమ్మా. నేనే పోయిన," అంది సంయుక్త గదిలోంచి వస్తూ.

అభిజిత్ కుర్చీ లాగాడు. "అమ్మా, జర కూసో. కూసున్నప్పటికంటే నూరు మీటర్ల నడకకు గుండె ఎన్నిసార్లు ఎక్కువ కొట్టుకుంటదో లెక్కగట్టిన. నువ్వు నేర్పిన నడకల అరవై ఎనిమిది సార్లు. అక్క సొంత నడకల ముప్ఫై అయిదు."

"అంటే ఏంది?"

"ఊపు దాచుడుకు డబుల్ కష్టం అయితుంది. బలంలేని తుంటి మీద భారం తగ్గించుకోనీకి ఒళ్లు తనంతట తనే ఎడమకు ఒరుగుతది. దాన్ని నువ్వు ఆపితే ఎడమ కాలు మోయలేక కుడి కాలు దబ్బున నేలమీద పడుతుంది. రోజుకు వేలసార్లు. మోకాలు వాచేది అందుకే."

మనోరమ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "అయితే ఇది నేనే చేసిన్నా? దాని మంచికే గద చెప్పిన."

"నా మంచికేనా అమ్మా?" సంయుక్త గొంతు పెంచలేదు. "భుజం అన్నవ్, నడుము అన్నవ్. నొస్తుందా అని ఒక్కసారన్న అడిగినవా?"

మనోరమ వంటింట్లోకి వెళ్లిపోయింది. కాసేపటికి సంయుక్త వెళ్లి చూస్తే, చిక్కుడుకాయల పళ్లెం ముందు పెట్టుకుని ఒక్కటీ ఒలవకుండా నేలమీద కూర్చుని ఉంది.

"నీకు పద్నాలుగు నెలలకు నడకొచ్చింది," అంది తలెత్తకుండా. "ఊగుకుంట నడుస్తుంటే ముద్దుగుందని నవ్వేదాన్ని. పనికొచ్చే నర్సింహమ్మ రెండుసార్లు చెప్పింది, పిల్ల కాలు డాక్టరుకు సూపియ్యమని. నాకే చెప్పొస్తవా అని కోపం చేసిన. మూడో ఏడు తీస్కపోతే డాక్టరు ఒక్కటే మాటన్నడు. నడకొచ్చిన కొత్తల తెచ్చుంటే కోత లేకుంట పిండికట్టుతోనే కుదిరేదట."

సంయుక్త పక్కన కూర్చుంది. కుడి మోకాలు మడత పడక ఆ కాలు చాపుకుంది.

"నువ్వు ఊగుతుంటే వాడకట్టంత నా తప్పే చూస్తున్నట్టుండేది. నేను దాచింది నీ కాలు కాదు బిడ్డా." మనోరమ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సంయుక్తకు కోపం వచ్చింది. ఆ వెంటనే, ఇన్నేళ్లుగా పొద్దున్నే ఆ బాల్కనీలో నిలబడిన మనిషి మీద జాలి కలిగింది. రెండింటిలో ఏది ముందు మాట్లాడాలో తెలియలేదు.

"ఈ ముచ్చట ఎన్నడు చెప్పలేదేంది?"

"చెప్తే మళ్ల నా మొఖం చూస్తవా?"

"చూస్తనే ఉన్న గదమ్మా."

మనోరమ కూతురి మోకాలి మీద చెయ్యి వేసింది. వేడిగా ఉంది. "నొస్తుందా?" అని అడిగింది. అడిగి, ఏడ్చింది.

మరుసటి వారం ముగ్గురూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఎడమ కాలు కాస్త పొట్టిగా ఉందని ఆ చెప్పుకు లోపల కొంత ఎత్తు పెట్టించారు, తుంటికి వ్యాయామాలు రాసిచ్చారు. ఒళ్లు ఒరిగితే ఒరగనిమ్మన్నారు. సెంటర్లో ఒక ఎత్తు స్టూలు అడిగి వేయించుకుని సంయుక్త సాయంత్రం బ్యాచ్ కూడా ఒప్పుకుంది.

అక్టోబరులో ఒక సాయంత్రం తల్లీకూతుళ్లు నారాయణగూడ మార్కెట్‌కు బయల్దేరారు. రెండు నెలలు ఊళ్లో ఉండి అప్పుడే తిరిగొచ్చిన కింది వాటా రాజ్యలక్ష్మి గేటు దగ్గరే ఎదురైంది.

"అయ్యో, కాలికేమైంది సంయుక్తా? ఎక్కడన్న పడ్డవా?"

పాత అలవాటు కొద్దీ సంయుక్త నడుము బిగుసుకుంది. ఆమె నోరు తెరిచేలోపే మనోరమ అందుకుంది.

"పడలేదు రాజ్యలక్ష్మిగారూ. పుట్టినప్పటి సంది తుంటిల తేడా ఉంది. నేనే టైముకు చూసుకోలే. గట్ల నడిస్తేనే దానికి తేలిక."

రాజ్యలక్ష్మి తలూపి లోపలికి వెళ్లింది. మనోరమ కొంగు సర్దుకుంటూ ఒక క్షణం అక్కడే నిలబడిపోయింది.

సంయుక్త అప్పటికే ఊగుతూ, చేతిసంచి ఆడిస్తూ, సందు సగం దాటింది.

"జర ఆగు బిడ్డా," అని పిలిచింది మనోరమ వెనకనుంచి, అడుగులు పెంచుతూ. "నిన్ను అందుకోవాలంటే నాతోని అయితలేదు."