వేలు తీయని బటన్

"దుర్గాపూర్‌కు బొగ్గు మోసే కన్వేయర్ బెల్టు. దాని కింద బాంబు," ఫోన్లో చీఫ్ మధుకర్ గబగబా చెప్పాడు. "విదేశీ ముఠా పని. పేల్చేవాడు బెల్టు దగ్గరే పొంచి ఉన్నాడు. పేల్చమనే ఆర్డర్ మీ వాకీటాకీ చానెల్ మీదే వస్తుంది. కోడ్ వర్డ్ పాలపిట్ట. కమాండోలు దారిలో ఉన్నారు. లైన్ కట్ చెయ్యకు."

ఏజెంట్ స్నేహలత చంద్రపూర్ దగ్గరి పద్మాపూర్‌లో ఒక బొగ్గు రవాణా కంపెనీ కంట్రోల్ రూములో ఆపరేటర్ వేషంలో ఉంది. నెలల తరబడి ఆమెకు మనుషులంటే గొంతులే. ఇస్తారి లాంటి డంపర్ డ్రైవర్లకు ఆమె పేరు 'కంట్రోల్'. అసలు పేరు తెలిసింది ఈ ఊళ్లో ఒక్క ప్రణాలికే. నల్ల కళ్ళద్దాలు, ఖరీదైన సెంటు, అందరికీ రేడియో మర్యాదలు నేర్పే సేఫ్టీ ఆఫీసర్. నిజానికి ఆమె కూడా మధుకర్ ఏజెంటే. స్నేహలతతో కూర్చుని చాయ్ తాగే ఏకైక మనిషి.

సెట్ గరగరలాడింది.

"సేఫ్టీ నుంచి అందరికీ. బెల్టు మీద పాల..."

ప్రణాలి గొంతు!

స్నేహలత బటన్ నొక్కేసింది. కంట్రోల్ రూమ్ సెట్టుకు పవర్ ఎక్కువ. అది పలుకుతుంటే మిగతా గొంతులన్నీ మునిగిపోతాయి. వేలు తీస్తే బెల్టు పేలుతుంది. మౌనంగా ఉంటే వాడికి అనుమానం వస్తుంది.

"అందరు ఇనుండ్రి. రేడియో రూల్స్ మల్లొక్కసారి చెప్తున్న. బటన్ ఒత్తి, జర ఆగి మాట్లాడాలె. ముందు మీరు పిలిచేటోళ్ల పేరు, తర్వాత మీ పేరు. ఒకలు మాట్లాడుతుంటే ఇంకొకలు అడ్డం రావద్దు. ముచ్చట్లు వద్దు. అయిపోయినంక ఓవర్ అనాలె."

రూల్స్ అయిపోయాయి. కమాండోల జాడ లేదు. బొటనవేలు తిమ్మిరెక్కింది. ఇంకేం చెప్పాలో తోచలేదు.

"నా పేరు స్నేహలత," అనేసింది. "మాది ఆసిఫాబాద్ దిక్కు. మీ గొంతులు తప్ప నాకీడ ఎవ్వలు లేరు. ఇస్తారన్నా, పొద్దుగాల నువ్వు 'నమస్తే కంట్రోల్' అంటవ్ సూడు, గా మాట కోసమే డ్యూటీకొస్త. దోస్తనుకున్న మనిషి ఒక్కతుండె. ఇయ్యాల ఆమె గుడ..."

"దొరికారు!" ఫోన్లోంచి మధుకర్ అరిచాడు. "వాడి వేలు స్విచ్ మీదే ఉంది! ప్రణాలినీ పట్టుకున్నాం."

స్నేహలత బటన్ వదిలింది. సెట్ మళ్ళీ గరగరలాడింది.

"స్నేహలతమ్మా, ఇస్తారిని," బెరుగ్గా ఒక గొంతు వచ్చింది. "రేపు మా ఇంటికి అన్నానికి రాండ్రి. ఓవర్."

"పేరు ఊరంతా చాటావు," మధుకర్ కసిరాడు. "ఇక గూఢచారిగా ఎలా పనికొస్తావు? రేపే చంద్రపూర్ వదిలెయ్."

"రేపు కుదరదు సార్," కళ్ళు తుడుచుకుంటూ అంది స్నేహలత. "భోజనానికి పిలిచారు."