బడి నడిచిన రాత్రి

ఏటి మలుపు దగ్గర పొద్దు వాలాక మనిషన్నవాడు నిలబడేవాడు కాదట. పశువుల్ని తోలుకెళ్ళేవాళ్ళు కూడా అక్కడికి రాగానే నడక పెంచేవారు. ఎందుకంటే — అక్కడ ఎవరో నవ్వేవారు. ఏడుపైతే నక్కనో గాలినో అనుకుని సరిపెట్టుకోవచ్చు. నవ్వుకి ఏమని సరిపెట్టుకుంటారు?

ఆ నవ్వు ఎవరిదో ఊరందరికీ తెలుసు. పడవ నడిపే అవ్వది. బతికున్నన్నాళ్ళూ ఆవిడ అయినదానికీ కానిదానికీ నవ్వుతూనే ఉండేది. పోయాక మాత్రం ఎందుకు మానుకుంటుంది?

ఆ ఏటి లోయలో చదువుల బళ్ళు కొత్తగా పుడుతున్న రోజులవి. ఒక ఊళ్ళో గొడ్ల సావిట్లో మొదలైంది, ఇంకో ఊళ్ళో పిండిమర అరుగు మీద. మరోచోట పంట ఇంటికి రాగానే పిల్లల్ని లేపేసి ఆ గదిలో ధాన్యం పోసేవారు. ఈ ఊళ్ళో అయితే బడికి జానెడు నేల ఇచ్చినవాళ్ళే లేరు, పడవ అవ్వ తప్ప. "మలుపు దగ్గర నా పాక స్థలం తీసుకోండి. కానీ నన్ను కూడా పిల్లల్లో కూచోబెట్టాలి," అందట. అందరూ సరేనన్నారు. బడి కట్టడం పూర్తయ్యేలోపే అవ్వ కన్నుమూసింది. వీళ్ళిచ్చిన మాట మాత్రం ఆవిడ మర్చిపోలేదని ఊరి నమ్మకం.

వచ్చిన మాస్టారల్లా నాలుగు రోజులుండి సామాను సర్దుకున్నాడు. తల్లులు పిల్లల్ని పంపడం మానేశారు.

ఇప్పుడొచ్చిన కొత్త మాస్టారు మాటల్లో మహా ధైర్యవంతుడు. దెయ్యం లేదు గియ్యం లేదని పగలంతా ఇల్లిల్లూ తిరిగి చెప్పేవాడు. చీకటి పడితే మాత్రం తాను బస చేసిన వడ్రంగి ఇంటి అరుగు మీద, దుప్పటి ముసుగులోంచి ముక్కు కూడా బయట పెట్టేవాడు కాదు.

అలాంటివాడికి కబురొచ్చింది. మర్నాడు ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. బళ్ళో పిల్లలు కనబడితే సరేసరి, లేదంటే బడి శాశ్వతంగా మూసేస్తారు. మాస్టారు వెనక్కెళ్ళి అన్నగారి కొట్లో పొట్లాలు కట్టుకోవాలి. పొట్లాలైనా కట్టొచ్చు గానీ, వదినగారి సాధింపులు భరించడం ఆయన వల్ల కాదు.

అందుకని గుండె రాయి చేసుకున్నాడు. ఈ రాత్రి బళ్ళోనే పడుకుని, పొద్దున్నే ఆ తల్లుల ముందు నిలబడి "చూశారా, నన్నెవరూ మింగలేదు" అనాలి. మధ్యలో పారిపోయి వస్తే పరువైనా దక్కుతుందని ఎవరికీ చెప్పకుండా బయల్దేరాడు. ఆ నవ్వు వినబడకుండా చెవుల్లో దూది కుక్కుకున్నాడు. బల్లల సందున మట్టినేల మీద పడుకుని, తెల్ల దుప్పటి నెత్తి మీదుగా కప్పుకుని, గుర్తొచ్చిన దేవుళ్ళందర్నీ పలకరిస్తూ... ఎప్పుడో నిద్రపోయాడు.

మొహం మీద చల్లగా ఏదో తగిలి మెలకువ వచ్చింది. మంచు.

బళ్ళో మంచేమిటి?

మెల్లగా దుప్పటి తొలగించాడు. పైన చుక్కలు. ఆ పక్క ఏరు, ఈ పక్క చేలు. బల్లలున్నాయి. ముక్కాలి మీద నల్లబల్ల ఉంది. తన చెప్పులున్నాయి... బడి లేదు.

గోడల్లేవు, కప్పు లేదు, తలుపు లేదు. మాస్టారు నేల తడిమి చూశాడు. తర్వాత ఎందుకైనా మంచిదని తనని తాను కూడా తడిమి చూసుకున్నాడు. అప్పుడు కనబడింది — వెన్నెల్లో, చేల గట్టు మీదుగా, బడి తన మానాన తాను నడుచుకుంటూ వెళ్ళిపోతోంది.

రెల్లు కప్పూ, కిటికీలూ, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. కింద మాత్రం కాళ్ళున్నాయి. ఒకటీ రెండూ కాదు... జెర్రికున్నన్ని.

ఆయనకి పై ప్రాణాలు పైనే పోయాయి. పారిపోదామని ఏటి వైపు తిరిగాడు కూడా. అప్పుడు పొద్దున రాబోయే ఇన్‌స్పెక్టరు గుర్తొచ్చాడు. పిల్లల్లేని బడికి ఏదో ఒక సంజాయిషీ చెప్పుకోవచ్చు. అసలు బడే లేకపోతే ఏమని చెప్పాలి? కళ్ళముందు వదినగారి మొహం కదిలింది. ఆ మొహం కన్నా దెయ్యమే నయమనిపించింది.

అంతే, కాళ్ళకు బుద్ధి చెప్పాడు — దెయ్యం వైపుకే.

"ఆగండి..." అన్నాడు. చెవుల్లో దూది ఉందేమో, తన గొంతు తనకే వినబడలేదు. "నా బడి... నా బడి నాకిచ్చెయ్యండి..."

బడి ఒక్క క్షణం తడబడింది. తర్వాత... పరుగందుకుంది.

గట్లు ఎక్కింది, బోదె కాలవలు దాటింది. కప్పు మీది రెల్లు దోవంతా రాలింది. కిటికీ రెక్కలు టపటపా కొట్టుకుంటున్నాయి. వెనకాల దుప్పటి రెపరెపలాడిస్తూ మాస్టారు. ఎవరు ఎవర్ని తరుముతున్నారో చూసేవాళ్ళుంటే తేల్చుకోలేకపోయేవాళ్ళు. పరిగెత్తగా పరిగెత్తగా ఆయనకి భయం ఎక్కడో జారిపోయింది. పుట్టి బుద్ధెరిగాక ఇంత హుషారుగా పరిగెత్తలేదు.

చివరికి గుమ్మం అందింది. ఒక్క గెంతులో లోపలికి దూకాడు. గోడలు పరిగెడుతున్నాయి కాబట్టి వాటితో పాటు తానూ పరిగెత్తక తప్పలేదు. కిటికీలోంచి బయటికి చూస్తే — పొడుగాటి వాసాలు భుజాన వేసుకుని, రొప్పుతూ, రోజుతూ, ఊరి జనం. అదిగో వడ్రంగి. ఆ వెనక పిండిమర ఆయన. దెయ్యం లేదు, గియ్యం లేదు. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. ఆయాసంతో గొంతు పెగల్లేదు గానీ, లేకపోతే అక్కడే కేక పెట్టేవాడు.

దూది ఎప్పుడో ఊడిపోయింది. చీకట్లో పక్కన ఇంకెవరో పరిగెడుతున్నారు.

"చూసుకో నాయనా... పడతావు," అని మెల్లగా ఒక ఆడగొంతు. చల్లటి చెయ్యి ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఆవిడకి నవ్వు ఆగడం లేదు. ఆవిణ్ణి చూసి ఆయనకీ ఆగలేదు. ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వుకుంటూ పరిగెత్తారు.

వడ్రంగి ఇంటి ముందు కూరగాయల మడి మీద బడి దబ్బున దిగింది. అరుగు మీదున్న లాంతరు తీసి వడ్రంగి భార్య పైకెత్తింది. "వచ్చేసింది... అవ్వ మన వెంటే వచ్చేసింది," అని గొణిగింది. గుమ్మంలోంచి తెల్ల దుప్పటి బయటికి రాగానే సగం జనం కూలబడ్డారు, సగం జనం పిక్కబలం చూపించారు.

"నేనండీ... మాస్టార్ని."

వడ్రంగి నెత్తి కొట్టుకున్నాడు. "మీరు పడుకున్నది బళ్ళోనా? ఏరు పొంగితే మోసుకుపోవడానికి వీలుగానే కట్టానండీ దీన్ని, స్తంభాలు పాతకుండా రాళ్ళ మీద నిలబెట్టి. రేపు ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు కదా. ఈ రాత్రి అవ్వకి తెలియకుండా బడిని ఊళ్ళోకి తెచ్చేస్తే, ఆవిడ అక్కడే ఉండిపోతుందనుకున్నాం. మీకు చెబితే తిడతారని చెప్పలేదు."

పారిపోయినవాళ్ళు కూడా తిరిగొచ్చి పడీపడీ నవ్వారు. మాస్టారు ఆడవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూస్తున్నాడు. లోపల తన చెయ్యి పట్టుకున్న ఆవిడెవరో తెలిస్తే, పళ్ళు రాలకుండా కాపాడినందుకు దణ్ణం పెట్టాలి.

"దీపం పెట్టలేదు, లోపలికి తొంగి చూడలేదు," అంటున్నాడు వడ్రంగి. "గుమ్మం తొక్కకూడదని ఒట్టేసుకున్నామండీ. మొదలుపెట్టిన దగ్గర్నుంచి దించేదాకా అందరం బయట వాసాల కిందే ఉన్నాం. లోపల ఒక్కరూ లేరు."

దణ్ణం పెట్టబోయిన చేతులు దించేసుకున్నాడు మాస్టారు. మోచెయ్యి ఇంకా చల్లగానే ఉంది.

తెల్లవారింది. బల్లలు తెచ్చి లోపల వేసి తలుపు దగ్గరగా వేశారు. తల్లులు పిల్లల చేతులు గట్టిగా పట్టుకుని మడి గట్టున నిలబడ్డారు. దూరంగా ఇన్‌స్పెక్టరు బండి వస్తోంది.

వడ్రంగి భార్య కూతుర్ని వెనక దాచుకుని ముందుకొచ్చింది. "మాస్టారూ, మేమొచ్చేశాక ఆ చోట మిగిలింది మీరొక్కరే. మీరెంత చెబితే అంత. అవ్వ... అక్కడే ఉండిపోయిందా?"

ఊరంతా ఆయన నోటి వైపే చూస్తోంది. దెయ్యమే లేదని ఇల్లిల్లూ తిరిగి చెప్పిన మనిషి ఏటి వైపు వేలు చూపించాడు.

"అక్కడే ఉందమ్మా. ఏటి ఒడ్డున కూచుని ఉంటే నా కళ్ళతో చూసొచ్చాను."

తల్లుల చేతులు వదులయ్యాయి. సరిగ్గా అప్పుడే, మూసిన తలుపు వెనక ఎవరో నవ్వారు.

"లోపల ఎవరు?" అంది ఆమె, గొంతు తగ్గించి.

మాస్టారు వెళ్ళి తలుపు ఓరగా తీసి తొంగి చూశాడు. ముందు బల్ల మీద ఎవరూ లేరు.

"అందరికంటే ముందొచ్చి కూచున్న పిల్లమ్మా," అన్నాడు. "మీ పిల్ల వెనకబడిపోతుంది, త్వరగా పంపండి."